మాణిక్యాంబత్త పచ్చికకి తలంటు

"అబ్బులూ! ఒరేయ్ అబ్బులూ! నూనె సీసాతో పాటు దువ్వెన కూడా పట్రా!"

పచ్చికలో గొంతుక్కూర్చుని పెద్దన్న పల్లంరాజు కేకేశాడు. నడిపివాడు గవర్రాజు గడ్డిని పాయలు పాయలుగా విడదీస్తున్నాడు. చిన్నవాడు అబ్బులు కొబ్బరినూనె సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"మన వంశం గొప్పేంటో తెలుసా?" అన్నాడు పల్లంరాజు, అరచేతిలో నూనె వంపుకుంటూ. "పెద్దలు ఎలా చెబితే అలా చేస్తాం. అక్షరం అటూ ఇటూ పోదు. తెలివంటే అదీ!"

"జనానికి అదే లేదన్నయ్యా. చెప్పింది వినేసి, ఆ తర్వాత ఆలోచించడం మొదలెడతారు," అన్నాడు గవర్రాజు. "మనం ఏనాడైనా ఆలోచించామా?"

"ఛ! ఎప్పుడూ లేదు," అన్నాడు అబ్బులు గర్వంగా.

ఆ ఇల్లు వాళ్ళ మేనత్త మాణిక్యాంబది, సామర్లకోటలో. ఇంటి ముందు పట్టుపావడా పరిచినట్టు పచ్చిక. పొద్దున్నే మంచుబొట్లు మెరుస్తుంటే చూసినవాళ్ళకి ఊరికే పాట పాడాలనిపించేది. అలాంటి పచ్చికకి ఈమధ్య ఏం దిష్టి తగిలిందో, అక్కడక్కడ బోడి అయిపోయింది. గేటు దగ్గర ఒక మచ్చ. కిటికీ కింద ఇంకోటి. నూతి పక్కన మరీ పెద్దది.

అత్త కూతురు సత్యవేణిని వెంటబెట్టుకుని తన చెల్లెలి ఊరికి వెళుతూ ముగ్గురు మేనల్లుళ్ళనీ పిలిచి చెప్పింది. "ఒరేయ్, చూడండర్రా, జుట్టూడిన తలలా అయిపోయింది పచ్చిక. తోట సర్దండి. పచ్చిక నిండుగా చెయ్యండి. ఆదివారం నేనొచ్చేసరికి బోడి కనపడకపోతే మా సత్యవేణిని అబ్బులుకిస్తాను. కనపడిందా, పిఠాపురం సంబంధం వాళ్ళకి సరేనని కబురు పెట్టేస్తాను."

అబ్బులు గుండె గుబేలుమంది. సత్యవేణి అంటే వాడికి అంత ఇష్టం మరి. వారం వారం కొబ్బరికాయలిచ్చే వంకన వచ్చేవాడు. ఆ పిల్ల గేటు దాకా వచ్చేది. ఓణీ కొస వేలికి చుట్టుకుని, తల వంచుకుని నిలబడేది. కాలిపట్టీలు గల్లుమనేవి గానీ నోట్లోంచి ఒక్క మాట రాలేది కాదు. ఎంతసేపూ నేలకేసే చూపు. నా మొహం కన్నా ఆ నేలే బాగుందేమో అనుకుని, అబ్బులు సైకిలెక్కి దిగులుగా ఇంటికి పోయేవాడు.

సరే, జుట్టూడిన తలకి ఏం చేస్తారు? తలంటు పోస్తారు. అంతే! ముగ్గురూ పచ్చికకి నూనె మర్దనా చేసి, కుంకుడురసం పోసి రుద్ది, పాపిడి తీసి దువ్వారు. దువ్వెనకి నాలుగు పరకలు ఊడొచ్చాయి. "మొదట్లో రాలుతుందిలే," అన్నాడు గవర్రాజు.

ఇంకేముంది, నూనె వాసనకి ఊళ్ళో చీమలన్నీ వచ్చేశాయి.

పక్కింటి మంగతాయారుగారు గోడ మీంచి తొంగి చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఓరి మీ అసాధ్యం కూలా! గడ్డికి నూనేంట్రా? విత్తనాలు చల్లండి. చల్లితే పిట్టలొస్తాయి, కళ్ళార్పకుండా చూస్తూ కూర్చోవాలి, తెలిసిందా?"

"తెలియకపోవడమేంటి పిన్నిగారూ!"

విత్తనాలు చల్లారు. పిట్టలొచ్చాయి. ముగ్గురూ కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నారు. పిచ్చికలు తిన్నాయి, గోరింకలు తిన్నాయి, పావురాలొచ్చి మిగిలింది తిన్నాయి. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నా ఒక్కడూ రెప్ప వెయ్యలేదు.

"పిన్నిగారూ, ఒక్క గింజ కూడా మా చూపు తప్పించుకోలేదండీ. అన్నీ మా కళ్ళ ముందే తిన్నాయి!"

ఆవిడ తల గోడకేసి కొట్టుకుంది. "అది కాదర్రా! బాగా ఉన్నచోట గడ్డి మట్టితో సహా పెళ్ళగించి, బోడి ఉన్నచోట పెట్టండి."

అంతే! కిటికీ పక్క గడ్డి తవ్వి గేటు దగ్గర పెట్టారు. గేటు దగ్గర నిండింది. కిటికీ పక్క బోడయింది. అక్కడికి పెరట్లోంచి తెచ్చారు. పెరడు బోడయింది. అక్కడికి నూతి వెనక నుంచి తెచ్చారు. అలా బోడిమచ్చ ఇంటి చుట్టూ ప్రదక్షిణం చేసి, చివరికి మళ్ళీ గేటు దగ్గరకే వచ్చి కూర్చుంది.

"చూశారా, దాని చోటు దానికి తెలుసు," అన్నాడు పల్లంరాజు మెచ్చుకోలుగా.

పోనీ తోటైనా సర్దుదామనుకున్నారు. మొక్కలన్నీ ఒకే ఎత్తున ఉండాలని అత్త ఎప్పుడూ అనేది. దేని ఎత్తున? పొట్టిదాన్ని పొడుగు చెయ్యలేం కదా. అందుకని మందారం, గన్నేరు, సన్నజాజి పందిరి అన్నీ కోసి పుదీనా ఎత్తుకి తెచ్చేశారు. సన్నజాజులు రాలి ఆ సాయంత్రం తోటంతా ఎంత పరిమళమో! అబ్బులు ఆ పూల మధ్య కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. "రేపే ఆదివారం. సత్యవేణి పిఠాపురం వెళ్ళిపోతుందిరా అన్నయ్యా!"

ఆ ఏడుపు విని మంగతాయారుగారి మనసు కరిగిపోయింది. మర్నాడు తెల్లారగానే తన దొడ్లో కార్పెట్ గడ్డి పలకలు పలకలుగా కోయించి తెచ్చి, తనే దగ్గరుండి బోడి ఉన్నచోటల్లా పరిపించింది. "మీరు దేన్నీ ముట్టుకోకండి. ఊపిరి కూడా మెల్లిగా పీల్చండి," అంది. ముగ్గురూ అరుగు మీద కూర్చుని, సాయంత్రం దాకా మెల్లిగానే పీల్చారు.

ఆటో ఆగింది. కూతురితో మాణిక్యాంబ దిగింది. మొక్కల్ని చూసి గుండె పట్టుకుంది గానీ, పచ్చిక చూసేసరికి మొహం విప్పారింది. గేటు దగ్గర నిండుగా ఉంది. కిటికీ కింద నిండుగా ఉంది.

"సరేరా అబ్బులూ, మొక్కలదేముంది, మళ్ళీ పెరుగుతాయి. మాట మాటే. సత్యవేణీ! బావకి మంచినీళ్ళు తేవే!"

సత్యవేణి చెంబు పట్టుకొచ్చి పచ్చికలో అబ్బులు ఎదురుగా నిలబడింది. సాయంత్రపు ఎండ ఆ పిల్ల బుగ్గల మీద పడి ఎర్రగా మెరిసింది. తల వంచుకుంది. పట్టీలు గల్లుమన్నాయి. గల్లు, గల్లు, గల్లు... కొత్త గడ్డిపలక మధ్యలో నున్నగా బోడిమచ్చ తేలింది.

అత్త ఆ మచ్చ చూసింది. మచ్చ మధ్యలో ఆడుతున్న కూతురి బొటనవేలు చూసింది. "ఏంటే ఇది?" అంది నీరసంగా.

"నువ్వే కదమ్మా చెప్పావు," అంది సత్యవేణి బిక్కమొహంతో. "బావ ఎదురుపడితే సిగ్గుపడాలి, కాలి బొటనవేలితో నేల రాయాలి, అదే ఆడపిల్ల లక్షణం అన్నావు. బావ గేటు దగ్గర సైకిలు దిగితే అక్కడ రాశాను. వెళ్ళిపోతుంటే కిటికీ కింద నిలబడి చూస్తూ రాశాను. నూతి దగ్గర ఒక్కదాన్నీ కూర్చుని తలుచుకుంటూ రాశాను. మరి సిగ్గు ఎక్కడేస్తే అక్కడే రాయాలి కదా?"

"మన వంశమే!" అన్నాడు పల్లంరాజు. ఆనందంతో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఓసి నా తల్లీ! ఇష్టమని నోరు విప్పి ఒక్క ముక్క చెబితే నా పచ్చిక బతికేది కదే! ఇప్పుడైనా చెప్పు, ఇష్టమేనా?"

ఇంకేముంది, అందరి ముందూ అడిగేసరికి ఆ పిల్లకి పుట్టెడు సిగ్గు ముంచుకొచ్చింది. ఒక వేలు చాల్లేదు. రెండు కాళ్ళతోనూ రాయడం మొదలెట్టింది. "నాకూ సిగ్గేస్తోందత్తా," అంటూ అబ్బులు చెప్పులు విడిచి, ఎదురుగా తనూ మొదలెట్టాడు. మట్టి ఎగిరింది. గడ్డి ఎగిరింది. "నూనె సీసా తేరా గవర్రాజూ!" అని పల్లంరాజు అరిచాడు. చీలమండల లోతు గుంటలో దిగబడిపోయి, సత్యవేణి మొదటిసారి తలెత్తి, బావ కళ్ళల్లోకి చూసి, వీధి వీధంతా వినేలా చెప్పేసింది.

"ఇష్టమేనమ్మా! అబ్బులు బావంటే నాకు చచ్చేంత ఇష్టం!"