నిజాయితీ తలుపు

విద్యాపీఠం వదలగానే సింగన యంత్రాలు చేసే కొట్టులో చేరాడు. మొదటిరోజే యజమాని అతణ్ణి మంత్రి విరూపాక్షయ్య దగ్గరికి పంపుతూ, "కొనేవాళ్లతో కుదరదని మాత్రం అనకురా" అన్నాడు.

"నిజాయితీపరులకే తెరుచుకునే తలుపు కావాలి, ఖజానాకి! పౌర్ణమికి రాకపోతే వీపు చీరేస్తా" అన్నాడు మంత్రి.

సింగనకు బుర్ర తిరిగిపోయింది. కుదరదంటే కొలువు పోతుంది, కుదురుతుందంటే వీపు పోతుంది. చదివిన చదువులో అలాంటి తలుపే లేదు.

పౌర్ణమినాడు సభలో తలుపు నిలబెట్టి, "చేయించుకున్నవారే ముందు తెరిచి చూసుకోవాలి, అది మా కొట్టు ఆచారం. రండి అయ్యగారూ" అన్నాడు.

రాజు చూస్తున్నాడు. మంత్రి చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. "పాత తలుపే గట్టిది ప్రభూ" అని నసిగాడు.

రాజు మంత్రిని ఎగాదిగా చూసి, "ఇందులో ఏం యంత్రం పెట్టావోయ్?" అని సింగనను అడిగాడు.

"గడియ కూడా పెట్టలేదు ప్రభూ. ఏం పెట్టాలో నాకిప్పటికీ అర్థం కాలేదు!"