నాంచారమ్మ వల ఇవ్వనన్న రోజు

అనగనగా, ఇళ్ళకన్నా చేపల చెరువులే ఎక్కువున్న ఒక ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేదమ్మా. ఊరంతటికీ పెద్ద వల ఒక్కటే. ఒకరి తర్వాత ఒకరు తెచ్చుకుని చేపలు పట్టుకునేవారు.

ఆ ఏడు నాంచారమ్మ చెరువులో చేపలు ఒకటే ఎగిరిపడుతున్నాయి. "నా పిల్లలకి ఎంత హుషారో!" అని మురిసిపోయింది. ఆ తర్వాత నీళ్ళలో పాతిన వెదురుగడకి ఒళ్ళు రాసుకోవడం మొదలెట్టాయి. "ఆటలు నేర్చాయి" అనుకుంది. ఆ తర్వాత మేత ముట్టడం మానేశాయి.

అప్పుడు భయమేసి, వల వేసి ఒక చేపని పైకి తీసింది. ఒంటినిండా ఎర్రటి మచ్చలు. అక్కడక్కడా పెసరబద్దంత పేలు అతుక్కుని ఉన్నాయి! అవును బుజ్జీ, చేపలకీ పేలు పడతాయి. మనకైతే గోక్కోడానికి చేతులున్నాయి. వాటికేవీ, పాపం? అందుకే ఎగిరాయి, అందుకే రాసుకున్నాయి.

అంతలో తోటికోడలు కోటేశ్వరి వచ్చింది. "అక్కా, వల ఇయ్యి. మధ్యాహ్నానికి చేపల లారీ వస్తోంది."

తడి వలకి పేలు అంటుకునే ఉన్నాయి. ఇస్తే కోటేశ్వరి చెరువు పాడవుతుంది. చెబితే తన చేపలు ఎవరూ కొనరు. అయినా నాంచారమ్మ వలని తన వైపుకి లాక్కుంది.

"ఇప్పుడివ్వను. బాగా ఎండాకే ఇస్తాను. నా చేపలకి పేలు పట్టాయే" అంది.

"దులిపి ఇయ్యి."

"దులిపితే రాలవు. ఎండకే చస్తాయి."

"పోనీ, కాలవలో జాడిద్దాం."

"కాలవలో చేపలు మనకేం చేశాయే?"

కోటేశ్వరికి ఒళ్ళు మండింది. "విన్నారా! మా అక్క చేపలకి పేలంట! తల దువ్వడం మరిచిపోయిందంట!" అని ఊరంతా వినేలా అరిచింది.

అప్పుడు పక్క చెరువు సూరాయమ్మ తలొంచుకుని వచ్చింది. "మా చెరువులోనూ ఉన్నాయి. సిగ్గేసి చెప్పలేదు." ఆ తర్వాత ఆ పక్క చెరువాయన వచ్చాడు. ఆ తర్వాత ఆయన వెనకాలే ఇంకొకాయన. తడి వల ఏ చెరువుకి వెళితే, పేలూ అటే వెళ్ళాయి. ఇక మిగిలింది కోటేశ్వరి చెరువొక్కటే.

కోటేశ్వరి గబగబా వచ్చి వల రెండో కొస తనే పట్టుకుంది. ఇద్దరూ కలిసి గట్టు పొడుగునా ఎండకి పరిచారు. లారీ వచ్చింది, హారన్ కొట్టింది, ఖాళీగా వెళ్ళిపోయింది. కోటేశ్వరి తలెత్తి చూడలేదు. ఎక్కడైనా తడి మిగిలిందేమోనని వల ముడి ముడినీ వేలితో తడుముతోంది.

కథేమో కంచి దారి పట్టింది,
కన్నేమో నిద్ర దారి పట్టింది.