తొలి ముద్ద

అనగనగా చందనగిరి అనే రాజ్యం. రాజ్యమన్నాక రాజూ ఉన్నాడు, సింహాసనమూ ఉంది. కానీ మన కథ అక్కడ కాదు, పొయ్యి దగ్గర మొదలవుతుంది.

రాజుగారి వంటశాలకు పెద్దదిక్కు నాంచారమ్మ. ఆమె కింద పులుసు కాచే పేరిందేవి, అప్పాలు వండే కామన్న, పొయ్యిలన్నీ చూసే ఓబులేసు, ఇంకా చాలామంది ఉండేవారు. ఒకప్పుడు అక్కడ రుబ్బురోలు పాటతో తిరిగేది. కొన్నాళ్ళుగా పాట లేదు. ఎవరి పని వారిదే, ఎవరి మూతి వారిదే. కూరలో ఉప్పు ఉన్నా రుచి ఉండేది కాదు.

రాజు నాంచారమ్మను పిలిపించాడు.

"దసరాకు పొరుగురాజు వస్తున్నాడు. ఆ విందు చెడిందంటే మీ అందరికీ సెలవిచ్చి, వేరే వంటవాళ్ళను పెట్టుకుంటాను."

ఆ పొయ్యిల మీద ఎన్ని ఇళ్ళ పొయ్యిలు ఆధారపడ్డాయో నాంచారమ్మకు తెలుసు.

"ప్రభూ, మావాళ్ళకు పని రాక కాదు, మనసు లేక" అంది.

"మనసుదేముంది, బహుమానం ఇస్తే అదే వస్తుంది" అన్నాడు రాజు. మెప్పించినవారికి పట్టు కండువా కప్పుతానన్నాడు.

భోజనంలో చివర వచ్చేది అప్పం. చివర తిన్నదే రాజుకు గుర్తుంది. కండువా కామన్నకు దక్కింది. ఇక చూడాలి, అతని కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు! మర్నాడు ఓబులేసు అతని పొయ్యిలో పచ్చికట్టె పెట్టాడు. అప్పాలన్నీ పొగచూరాయి.

నాంచారమ్మ రెండో ఉపాయం ఆలోచించింది. రోజుకొకరికి వంతులవారీగా పూలదండ వేసింది. అన్నం మాడ్చినవాడి మెడలోనూ దండ పడింది. అందరూ పగలబడి నవ్వారు.

"అయితే మీలో మంచివాణ్ణి మీరే ఎంచుకోండర్రా" అంది మూడోసారి. "ఇవాళ నువ్వు నా పేరు చెప్పు, రేపు నేను నీ పేరు చెబుతా" అని మూలమూలనా బేరాలు మొదలయ్యాయి.

ముచ్చటగా మూడూ చెడ్డాయి. నాంచారమ్మ రోటి పక్కన చతికిలబడింది.

అప్పుడే పులుసు పొంగబోయింది. పేరిందేవి అటు తిరిగి ఉంది. ఓబులేసు మారుమాట లేకుండా పొయ్యిలోంచి ఒక కట్టె లాగేశాడు. భోజనాల వేళ పేరిందేవి, ఎవరూ చూడట్లేదనుకుని, పులుసులో మంచి ముక్కలు ఏరి అతని విస్తరిలో వేసింది. ఓబులేసు మొహం చాటంత అయింది.

'ఓసి, నేను వెతుకుతున్నది ఇదే కదా!' అనుకుంది ఓరకంట చూస్తున్న నాంచారమ్మ.

మర్నాడు అందరూ బంతిలో కూర్చున్నాక ఆమె చెప్పింది.

"ఇకమీదట ఎవరి తొలి ముద్ద వారు తినకూడదు. ఎంగిలి పడకముందే, మీకు సాయపడినవాళ్ళ విస్తరిలో వెయ్యాలి. ఏం చేశారో నలుగురూ వినేలా చెప్పాలి. ఊరికే మంచివాడంటే చెల్లదు."

అందరూ తలలు దించుకున్నారు. పక్కవాణ్ణి మెచ్చుకోవడం అంత సులువా మరి! చివరకు పేరిందేవి లేచింది.

"నిన్న ఓబులేసన్న కట్టె లాగకపోతే నా పులుసు పొయ్యిపాలే" అని ముద్ద పెట్టింది.

ఓబులేసు తన ముద్ద పట్టుకుని కామన్న దగ్గరకు నడిచాడు.

"పొద్దున నా చెయ్యి కాలితే వెన్న పూసింది నువ్వు. ఆవేళ నీ పొయ్యిలో పచ్చికట్టె పెట్టింది నేను. తప్పయిందిరా."

కామన్న జరిగి, తన పక్కన చోటిచ్చాడు.

రోజులు గడిచాయి. ముద్ద పెట్టాలంటే ముందు పక్కవాడి పని చూడాలి కదా. చూస్తూ చూస్తూ చెయ్యి కూడా వెయ్యసాగారు. రుబ్బురోలు మళ్ళీ పాటందుకుంది.

దసరా వచ్చింది. విందుకు పులుసు గుండిగ దించుతుంటే పేరిందేవి చేతిలోని మసిగుడ్డ జారింది. గుండిగ ఒరిగింది. కామన్న తన భుజం మీది పట్టు కండువా లాగి, దానితోనే గుండిగను పట్టేశాడు. కండువా కమిలింది, పులుసు దక్కింది. పొరుగురాజు అడిగి మరీ మూడుసార్లు పోయించుకున్నాడు.

విందయ్యాక, వంటవాళ్ళు బంతిలో కూర్చున్న వేళ రాజు వంటశాలకు వచ్చాడు. మసి పట్టిన కండువా కంటపడింది.

"నేనిచ్చిన పట్టుకు ఇదా మర్యాద?"

పేరిందేవి ముందుకొచ్చింది.

"ప్రభూ, ఆ కండువా కాలకపోతే ఈ విందే లేదు" అని, తన తొలి ముద్ద కామన్న విస్తరిలో వేసింది.

రాజు బంతినంతా తేరిపార చూశాడు. ఈ ముద్ద సంగతేమిటని అడిగి, నాంచారమ్మ పెట్టిన పద్ధతి తెలుసుకున్నాడు.

"మిమ్మల్ని పని మాన్పిస్తానన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది సరే, ఈ పద్ధతి పెట్టిన నాంచారమ్మకు ఎవరైనా ముద్ద పెట్టారా?"

ఇన్నాళ్ళూ ఆ ఊసే ఎవరికీ తోచలేదు. మరుక్షణం బంతి బంతంతా లేచింది. తలా ఒక మాట చెప్పి, తలా ఒక ముద్ద వేశారు. నాంచారమ్మ విస్తరి నిండిపోయింది.

"ఇంత నేనెక్కడ తినగలనర్రా! పాడు పొగ, కళ్ళు మండిపోతున్నాయి" అంటూ ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది.

పొయ్యిలన్నీ అప్పటికే ఆర్పేసి ఉన్నాయి.

రాజు కప్పిన కండువా ఒక్కరి భుజాన్నే కప్పుతుంది. తోటివాడు పని చూసి చెప్పిన మంచిమాట పదిమందికీ బలమిస్తుంది.