పిల్లులు కొన్న మువ్వలు

ఉడత పొన్నారి ఎవరితోనూ పైకి అనని మాట ఒకటుంది. మంచి సరుకు కంటపడితే దానికి అమ్మబుద్ధి కాదు, దాచబుద్ధి అవుతుంది. ఎక్కడో ఒకచోట మట్టి తవ్వి పాతేస్తే గానీ ప్రాణం కుదుటపడదు. అలాంటిది పోయి పోయి, సరుకు కొని కొట్టు నడపడం నేర్పే కోర్సులో చేరింది. వచ్చినవాళ్లకి ఏం కావాలో ఎలా తెలుస్తుందో మాత్రం దానికి ఇప్పటికీ అంతుపట్టలేదు.

పరీక్ష రోజు రానే వచ్చింది. అడవి సంతలో ఒక కొట్టు అప్పగించి తాబేలు టీచరమ్మ అంది: "పొద్దు వాలేలోగా, వానాకాలానికి ఏ సరుకు తెప్పించాలో తేల్చు. ఎందుకో కూడా చెప్పాలి. చెప్పావా, సర్టిఫికెట్టూ నీదే, ఈ కొట్టూ నీదే. లేదంటే మళ్లీ చెట్టెక్కి గింజలు ఏరుకోవడమే."

టీచరమ్మ అటు వెళ్లిందో లేదో నక్క ఒక బుట్టెడు మువ్వలు తెచ్చి దించింది. "పెట్టి చూడమ్మాయ్. అమ్ముడు పోకపోతే నా మొహాన కొట్టు."

ముందుగా వచ్చింది మేక రంగమ్మ. మువ్వలు పక్కకి నెట్టి వెనక అరల్లోకి తొంగి చూసింది.

"మువ్వలు కావాలా పిన్నీ?"

"మెడలో ఉన్నది చాల్లేవే. నాకు కావాల్సింది..." అంటుండగానే పిల్లుల గుంపు తోసుకుంటూ వచ్చింది. "సరేలే, తీరుబడిగా ఫోన్ చెయ్యి," అని నంబరు చెప్పి రంగమ్మ వెళ్లిపోయింది.

పిల్లులు ధర కింద కొట్టు గాదెలో వేరుశనక్కాయలు పోసి మువ్వలన్నీ ఊడ్చుకుపోయాయి. పొన్నారికి తల తిరిగింది.

"మెడకి మువ్వ కట్టుకుంటే మీరొస్తున్నట్టు ఎలకలకి తెలిసిపోదూ?"

ఓ ముసలి పిల్లి పక్క పిల్లి మొహం చూసింది. "ఇప్పుడదే ఫ్యాషన్లే," అంది.

అయినా ఒక్క పిల్లి మెడలోనూ మువ్వ లేదు. నక్క ఇంకో బుట్ట తెచ్చింది, అదీ ఖాళీ అయింది. పిల్లులు మారిపోయాయేమో అనుకుంది పొన్నారి. పోనీ ఎలకలకి చెవుడొచ్చిందేమో. టీచరమ్మ చెప్పిన గిరాకీ అంటే ఇదేనేమో, మనకే అర్థం కాలేదేమో.

"చూశావుగా," అంది నక్క మరో బుట్ట దించుతూ. "వానాకాలానికి బండెడు చెప్పెయ్. అడ్వాన్సుగా గాదెలో కాయలన్నీ ఇప్పుడే పంపించు."

"కాస్త ఆలోచించుకోనీ మామా."

అది అటు వెళ్లగానే పొన్నారి ఒక మువ్వ చేతిలోకి తీసుకుంది. ముద్దుగా ఉంది. దాచేద్దామని ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిమట్టి వాసన. పాతిపెట్టి తీసిన వస్తువు వాసన ఉడతకి వేరే ఎవరూ నేర్పక్కర్లేదు. కొత్త సరుకు మట్టిలోకి ఎందుకెళ్లింది? ఏమీ పాలుపోక, ప్రతి మువ్వ తాడునీ పంటితో కొరికి గుర్తు పెట్టింది. పిల్లులు వచ్చి అవీ కొనుక్కుపోయాయి. నక్క ఇంకో బుట్ట తెచ్చింది. తాళ్ల నిండా దాని పంటిగాట్లే.

కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలీలేదు పొన్నారికి. పిల్లులు మళ్లీ గుమిగూడాక గొంతు సవరించుకుంది.

"మామా, బండెడు కాదు, రెండు బండ్లు తెప్పించు. ఇంత ముచ్చటపడుతున్నారుగా, కాయలు ముందే వీళ్ల దగ్గర కట్టించుకుని అవే నీకిచ్చేస్తా. ఏమర్రా, కాయలు పొయ్యండి మరి."

పిల్లులన్నీ నక్క వైపు తిరిగాయి. ముసలి పిల్లి నసిగింది: "నువ్విచ్చిన కాయలు అయిపోయాయి మామా. ఇంకా ఇస్తావా, మమ్మల్ని ఇళ్లకి పొమ్మంటావా?"

సంత సంతంతా ఘొల్లుమంది. నక్క బుట్ట అక్కడే వదిలేసి పొదల్లోకి జారుకుంది. అది పిల్లులకిచ్చిన కాయలు మాత్రం కొట్టు గాదెలోనే ఉండిపోయాయి.

పొద్దు వాలుతుండగా టీచరమ్మ వచ్చింది. "ఏం తెప్పిద్దాం?"

"మువ్వలు మాత్రం వద్దండీ. పిల్లుల చేత కొనిపించి, పాతిపెట్టి, ఆ సరుకే మళ్లీ మళ్లీ తెచ్చింది నక్క."

"పాతిపెట్టినవని ఎలా తెలిసింది?"

పొన్నారి తల దించుకుంది. ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్న మాట బయటికొచ్చింది. "నాకూ దాచే జబ్బుందండీ."

"జబ్బో ఏదో, ఇవాళ పనికొచ్చింది. దొంగ గిరాకీ పట్టుకున్నావు. మరి అసలుదేది?"

పొన్నారి మళ్లీ తికమకలో పడింది. పొద్దుటి నుంచీ కొన్నవాళ్లనే చూస్తూ కూర్చుంది. ఏమీ కొనకుండా వెళ్లింది ఒక్క రంగమ్మే. ఆ మేక ఏదో అడగబోయింది, నంబరూ ఇచ్చింది.

"ఒక్క నిమిషం టీచరమ్మా. ఒకరికి ఫోన్ చెయ్యాలి."

టీచరమ్మ సర్టిఫికెట్టు బయటికి తీసి, కలం మూత విప్పింది.

కొన్నవాళ్లని చూసి మురిసేముందు, కొనకుండా వెళ్లినవాళ్లని ఒక్క మాట అడగాలి.