ఇటుకబట్టీ దగ్గర ఆగే బండి

నాగులవరంలో, ఎదుటివాడి మాట పూర్తికాకముందే జవాబు చెప్పేసే అంకారావు అనే మనిషి ఉండేవాడు.

ఈ గుణంతోనే అతడు మొదట దర్జీ దగ్గర చేరాడు. కొలతలు చెప్పకముందే గుడ్డ కత్తిరించి, ప్రెసిడెంటుగారి లాల్చీని ఆయన మనవడికి సరిపోయేలా తయారుచేశాడు. తర్వాత కాఫీ హోటల్లో చేరాడు. మేష్టారు "పంచదార..." అనగానే మూడు చెంచాలు వేశాడు. పాపం ఆయన వద్దని చెప్పబోయారు. ఇక ఊళ్ళో అతడికి మిగిలింది మస్తానమ్మ మెకానిక్ షెడ్డు ఒక్కటే.

మస్తానమ్మ తండ్రి దగ్గర పని నేర్చుకుని, ఆయన తర్వాత షెడ్డు తనే నడుపుతూ ఉండేది. మొదట్లో ఊళ్ళో మగవాళ్ళు "ఆడమనిషి చేతికి బండి ఇవ్వడమా!" అన్నారు. తర్వాత ఎవరి బండి ఆగితే వాళ్ళు, తలవంచుకుని, తోసుకుంటూ వచ్చారు.

ఆ షెడ్డుకి ఒక పద్ధతి ఉండేది. మొరాయించే బండి వస్తే, బాగుచేసేవాళ్ళు ముందు దాని యజమాని వెనక కూర్చుని, అది ఆగే చోటుదాకా వెళ్ళిరావాలి. ఆ తర్వాతే పానా పట్టాలి.

"బండి జబ్బు సగం బండిలో ఉంటుంది, సగం తోలేవాడిలో ఉంటుంది," అనేది మస్తానమ్మ.

అంకారావుకి ఈ పద్ధతి నచ్చేది కాదు. "ఊరేగడానికా నేను పనిలో చేరింది?" అని బడ్డీకొట్టు దగ్గర అనేవాడు. అతడు ఇంటికి చేరేలోపు ఆ మాట మస్తానమ్మకి చేరేది. నాగులవరంలో ఏ పనైనా ఆలస్యం అవుతుంది గానీ, ఈ పని మాత్రం కాదు.

దసరాకి ఊళ్ళో బండ్లన్నీ కడిగించుకుని, పూజకి షెడ్డు ముందు బారులు తీరాయి. బొట్లు పెట్టే పని అంకారావుకి అప్పగించింది మస్తానమ్మ. అందులో ఎవరినీ అడగాల్సింది ఏమీ ఉండదు కదా అనుకుంది. పసుపు, గంధం ముద్దగా కలిపి, గుండ్రంగా కనిపించిన ప్రతిచోటా అతడు బొటనవేలితో దట్టంగా అద్దాడు. చూసినవాళ్ళు భక్తి అంటే ఇదీ అన్నారు.

పండగ వెళ్ళగానే మస్తానమ్మ చెల్లెలి కాన్పుకని పొరుగూరు బయలుదేరింది. "నేను వచ్చేదాకా పంక్చర్లు వేస్తూ ఉండు. ఇంజను జోలికి పోకు," అని చెప్పింది.

మరునాడే రామకోటయ్య మోపెడ్ తీసుకుని వచ్చాడు. రోజూ ఊరి పాలన్నీ క్యాన్లలో పట్నం డెయిరీకి చేర్చేది అతడే.

"అంకారావూ, మన బండి ఇటుకబట్టీ దగ్గర..."

"ప్లగ్గు!" అన్నాడు అంకారావు.

ప్లగ్గు విప్పి, గీకి, బిగించాడు. బండి షెడ్డు చుట్టూ చక్కగా తిరిగింది. మరునాడు ఇటుకబట్టీ దగ్గర ఆగింది.

"అబ్బాయ్, మళ్ళీ అక్కడే..."

"కార్బొరేటర్!"

అదీ విప్పి, కడిగి, బిగించాడు. బండి మళ్ళీ ఇటుకబట్టీ దగ్గరే ఆగింది. అక్కణ్ణించి పట్నందాకా ఆగుతూ ఆగుతూనే పోయింది. ఎండెక్కి పాలు విరిగాయి. డెయిరీవాళ్ళు క్యాన్లు తిప్పి పంపారు. ఆ పూట నాగులవరంలో ప్రతి ఇంట్లోనూ పాలకోవా చేశారు. ఎవరూ సంతోషంగా తినలేదు.

ఇక ఊరు ఆలోచించడం మొదలుపెట్టింది. భూమిలో అయస్కాంతం ఉందన్నారు మేష్టారు. బట్టీ యజమాని దయ్యమై బండి ఆపుతున్నాడంది బడ్డీకొట్టు పాలెమ్మ. ఆ యజమాని బతికే ఉన్నాడు. ఈ మాట విని కాస్త నొచ్చుకున్నాడు.

మస్తానమ్మ తిరిగొచ్చి అంతా వింది. "రేపు పాలు విరక్కుండా చేరాలి అంకారావూ. చేరకపోతే నువ్వు మళ్ళీ షెడ్డు మెట్టెక్కకు."

"నువ్వే ఒకసారి చూడరాదా అక్కా?"

"విప్పింది నేనా? రామకోటయ్య వెనక కూర్చుని వెళ్ళు. పానాలు ఇక్కడే పెట్టు. చేతులు ఖాళీగా ఉంటే కళ్ళు పనిచేస్తాయి."

ఈ షెడ్డు కూడా పోతే ఊళ్ళో తనకి గేదెలు కాయడం తప్ప మరో పని లేదని అంకారావుకి తెలుసు. తెల్లవారగానే క్యాన్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. మొదటిసారిగా నోరు మూసుకున్నాడు. ఇటుకబట్టీ వచ్చింది. బండి ఆగింది.

రామకోటయ్య దిగి, పెట్రోలు ట్యాంకు మూత తీసి, లోపలికి తొంగిచూసి, మూత పెట్టి, కిక్కు కొట్టాడు. బండి స్టార్టయింది!

"రోజూ ఇలాగే మూత తీస్తావా బాబాయ్?"

"మరి పెట్రోలు ఉందో లేదో చూసుకోవద్దూ?"

"ఉంటోందా?"

"ఎందుకుండదు? నువ్వు ఏనాడైనా ఈ సంగతి అడిగావా? ప్లగ్గు, ప్లగ్గు అన్నావు!"

అంకారావుకి కుతూహలం పుట్టింది. కొంతదూరం పోయాక బండి మళ్ళీ ఆగింది. "ఈసారి మూత తియ్యకుండా కొట్టు బాబాయ్," అన్నాడు. రామకోటయ్య చెమటలు పట్టేలా కొట్టాడు. కదల్లేదు. అప్పుడు అంకారావు మూతకి చెవి ఆనించి మెల్లగా తిప్పాడు. ఉస్సుమంటూ గాలి లోపలికి పోయింది.

అతడికి హోటల్లో నూనె డబ్బా గుర్తొచ్చింది. డబ్బాకి ఒకే బెజ్జం పెడితే నూనె సరిగా దిగదు. గాలి పోవడానికి రెండోది ఉండాలి. ట్యాంకు మూతకీ అలాంటి సన్నని బెజ్జం ఉండాలి కదా! అది మూసుకుపోతే, బట్టీదాకా వచ్చేసరికి పెట్రోలు దిగడం ఆగిపోతుంది. వెతికాడు. నల్లటి మూత మీద, అందరికీ కనబడేలా, ఎండి రాయిలా గట్టిపడిన పసుపు ముద్ద ఉంది. దాని మీద బొటనవేలి ముద్ర ఉంది. తన వేలు పెట్టి చూసుకున్నాడు. అతికినట్టు సరిపోయింది.

"ఏమిట్రా, జబ్బు దొరికిందా?" అన్నాడు రామకోటయ్య.

అంకారావు ఈసారి వెంటనే జవాబు చెప్పలేదు. తుమ్మముల్లు ఒకటి విరిచి, పసుపు గీకి, బెజ్జం తెరిచాడు. బండి మరి ఆగలేదు. పాలు విరక్కుండా డెయిరీకి చేరాయి.

షెడ్డు దగ్గర మస్తానమ్మ ఎదురుచూస్తోంది. "ఏమిటి జబ్బు?"

ఇటుకపొడి రేగి మూత బెజ్జం మూసుకుపోయిందని చెప్పవచ్చు. తప్పు ఇటుకబట్టీ మీదికి నెట్టేయవచ్చు. కానీ అంకారావు ఉన్నమాటే చెప్పాడు. "నేను పెట్టిన బొట్టు అక్కా. నేనే చేసి, దానికోసం ఇంజనంతా వెతికాను."

మస్తానమ్మ నవ్వలేదు. లోపలికి వెళ్ళి, తన తండ్రి వాడిన పానా తెచ్చి అతడి చేతిలో పెట్టింది. ఆమెకి ముందే తెలుసా, తెలియదా అని బడ్డీకొట్టు దగ్గర ఇప్పటికీ వాదిస్తున్నారు. మేష్టారు మాత్రం అయస్కాంతం మాట వదల్లేదు.

నీతి: అడిగి, చూసి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యాలి; తొందరపడి ఊరంతా తప్పు వెతికేవాడికి తన వేలిముద్ర కనబడదు.