ఉన్నది ఒక్క ప్యాకెట్

హైమ విసురుగా లోపలికి వచ్చి బ్యాగు బల్ల మీద పడేసింది.

"నలుగురిలో నన్ను నిలబెట్టి కడిగేశారు మాస్టారూ! నా ప్రోగ్రాం మనుషుల్ని చంపుతుందట!"

రహంతుల్లా మాస్టారు ఆమెకు ప్రోగ్రామింగ్ నేర్పిన గురువు. చదువుతున్న పుస్తకం మూసి, ఏం జరిగిందని అడిగారు.

ఊళ్ళో ఆసుపత్రి రక్తనిధికి హైమ ప్రోగ్రాం రాసింది. ఓ-నెగటివ్ గ్రూపు రక్తం ఒక్క ప్యాకెట్టే ఉంది. నిన్న ప్రసూతి వార్డు కంప్యూటర్ తెర 'ఒకటి ఉంది' అంది. ఆపరేషన్ వార్డు తెర కూడా అదే అంది. రెండు వార్డులవాళ్ళూ అది తమదే అనుకున్నారు. ప్యాకెట్ బాలింతకి వెళ్ళింది. పరంజా మీంచి పడ్డ తాపీమేస్త్రీ రక్తం లేక ఆపరేషన్ బల్ల మీద ఉండిపోయాడు. పక్క ఊరి నుంచి దాత వచ్చేదాకా ప్రాణం నిలిచింది, అదృష్టం.

"ఒకరికొకరు ఫోన్ చేసుకోరు, నింద నాకు! ప్రసూతి వార్డు భాగం సరిగ్గా ఉంది. ఆపరేషన్ భాగమూ సరిగ్గానే ఉంది. విడివిడిగా పరీక్షించాను. ఒక్క తప్పు లైను చూపించండి!"

మాస్టారు లైన్లు చూడలేదు. చెప్పులేసుకుని, "బ్యాగు తీసుకో, పద," అన్నారు.

రక్తనిధిలో ఆయన అడిగితే నర్సు ఫ్రిజ్ తలుపు తీసింది. నిన్నటి దానికి బదులు తెప్పించిన అదే గ్రూపు ప్యాకెట్ ఒకటుంది.

"ప్రసూతి వార్డు తెర మీద కనిపించేది ఏది?"

హైమ వేలు పెట్టి చూపించింది.

"ఆపరేషన్ వార్డుది?"

"అదే."

"అది కాదమ్మా. రెండోది చూపించు."

"రెండోది ఎక్కడుంది మాస్టారూ! ఉన్నది ఒక్కటేగా!" హైమ గొంతు లేచింది.

"ఆ సంగతి నీ ప్రోగ్రాంకి ఎప్పుడు చెప్పావు?"

హైమ గబగబా బయటికి నడిచింది.

బయట వరండాలో మేస్త్రీ భార్య కూర్చుని ఉంది. వీళ్ళని చూడగానే లేచింది. "ఆ కంప్యూటరు చేసింది నువ్వేనట కదా? రక్తం ఉందన్నారు. ఆయన్ని కోశాక లేదన్నారు. ముందే లేదని ఏడిస్తే, ఊరంతా కాళ్ళావేళ్ళా పడి తెచ్చుకునేదాన్ని కదమ్మా!"

హైమ ఆమె పక్కనే బెంచీ మీద కూలబడి, బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి తెరిచింది. ప్రోగ్రాంలో ప్రతి భాగమూ తనకంటూ ఒక నిల్వ ఆబ్జెక్టును, అంటే సొంత లెక్కపుస్తకం లాంటిదాన్ని, కొత్తగా తయారు చేసుకుంటోంది. ఒకచోట తగ్గితే ఇంకోచోటికి తెలియదు. ఆ రెండు చోట్లా ఆ లైన్లు చెరిపేసింది. మొదట్లో ఒక్కటే తయారుచేసి, అదే ఆబ్జెక్టును రెండు భాగాల చేతికీ ఇచ్చింది. పరీక్ష కోసం ప్రసూతి వార్డు ఒక ప్యాకెట్ తీసుకున్నట్టు ప్రోగ్రాంలో నమోదు చేసింది.

ల్యాప్‌టాప్‌లోనే ఆపరేషన్ వార్డు తెర తెరిచి చూసింది.

"ఏమంటోంది?" అన్నారు మాస్టారు.

"లేదంటోంది."

"నిన్న ఆ మాట అనాల్సింది," అన్నారాయన.