గవరయ్య గద్దను గుర్తుపట్టిన వైనం

గవరయ్య, వాడి పెళ్ళాం నూకాలు, తమ్ముడు బూసయ్య, ముగ్గురూ ముగ్గురే! ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే మకాం పెట్టిందని వాళ్ళ నమ్మకం. బయటికి పారిపోతుందేమోనని కిటికీలు కూడా తెరిచేవాళ్ళు కాదు.

నూకాలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న నల్లకోడి గుడ్లు పొదిగి పిల్లల్ని లేపింది. కిందటిసారి గద్ద ఒక్క పిల్లనీ మిగల్చకుండా తన్నుకుపోతే నూకాలు అన్నం ముట్టకుండా ఏడ్చింది. ఆ ఏడుపు మళ్ళీ చూడలేక గవరయ్య పక్కింటి వీరాయమ్మత్త దగ్గరికి పరిగెత్తాడు.

"కళ్ళల్లో వత్తులేసుకుని కాపలా కాయరా," అంది అత్త. "గద్ద నీడ పడిందా, అందరూ గంప కిందే ఉండాలి. కోడికి నువ్వేం నేర్పక్కర్లేదు, గద్దను అదే గుర్తుపడుతుంది."

ఇంకేముంది! అన్నదమ్ములిద్దరూ దీపం వత్తులు తెచ్చి కళ్ళల్లో కుక్కుకున్నారు. అంతే, బొటబొటా నీళ్ళు!

"ఏం కనబడుతోందిరా?"

"వత్తి కనబడుతోందన్నయ్యా."

నూకాలు చూసి నెత్తి కొట్టుకుంది. "నూనె లేకుండా వత్తులేమిటండీ, మీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని ఆముదం పోసింది.

ఏడ్చి, మొత్తుకుని, కళ్ళు కడుక్కునేసరికి వాకిట్లో నీడ పడింది. గద్ద! అందరూ గంప కిందే ఉండాలి కదా? కోడినీ పిల్లల్నీ బయటికి తోసేసి ముగ్గురూ గంప కింద దూరారు. తలలైతే పట్టాయి.

"అన్నయ్యా, నా వీపు బయటుంది."

"ఉష్! గద్దకి చెప్పకు!"

బయట కోడి ఒక్క కేక పెట్టి రెక్కలు విప్పింది. పిల్లలన్నీ కిందికి దూరిపోయాయి. గద్ద ఒక చుట్టు తిరిగి, చేసేది లేక తాటిచెట్టు మీద వాలింది.

గవరయ్య గంప సందుల్లోంచి తొంగి చూశాడు. పిల్లల్లేవు. కోడి ఉబ్బిపోయి ఉంది. దాని కడుపు కింద బుల్లిబుల్లి కాళ్ళు!

"ఓలమ్మో! నూకాలూ, నీ కోడే మింగేసిందే! కాళ్ళింకా లోపలికి పోలేదు!"

"నా పుట్టింటిదే ఇంత పని చేసిందా!" అని నూకాలు గొల్లుమంది.

ముగ్గురూ ఒక్కసారి మీద పడేసరికి కోడి బెదిరి గోడెక్కింది. పిల్లలు కిచకిచమంటూ బయటపడ్డాయి.

"కక్కేసింది! భయపడి కక్కేసింది!" బూసయ్య గంతులేశాడు.

నూకాలు పిల్లల్ని ఒళ్ళోకి తీసుకుని మురిసిపోయింది. గవరయ్య కోడిని పట్టి గంప కింద పడేసి, పైన రాయి పెట్టాడు. "అసలు దొంగ ఇదీ! పాపం, పైనున్నాయన మనల్ని హెచ్చరించడానికి వస్తే అపార్థం చేసుకున్నాం."

తాటిచెట్టు కేసి దణ్ణం పెట్టాడు. "గద్దయ్యగారూ! మేం ఇంత తినొస్తాం. అందాకా పిల్లల్ని కాస్త చూసుకుంటారా?"

పుట్టి బుద్ధెరిగాక ఆ గద్దనెవరూ గారూ అని పిలవలేదు. ఇందులో ఏదో మోసముందని అది ఇట్టే గుర్తుపట్టి, ఊరు దాటి ఎగిరిపోయింది.

నూకాలు పిల్లల్ని కొంగులో వేసుకుని నొచ్చుకుంది. "అయ్యో, ఎంత మొహమాటస్తుడో! బూసయ్యా, పరిగెత్తి వెనక్కి పిలవరా! మనింటికొచ్చి ఏమీ తినకుండా వెళ్ళిపోతున్నాడు!"